మా ఆయన సి షిఫ్టులు

విశాఖ ఉక్కునగరంలో, స్టీలు ప్లాంటు క్వార్టరులో కాపురం పెట్టిన కొత్తలో నాకు సి షిఫ్టు వారమంటే పండగ. రాత్రి పదింటికి డ్యూటీ ఎక్కి, తెల్లారి ఆరింటికి దిగే షిఫ్టు అది. మిగతా ఆడవాళ్లు ఆ వారమంతా గొణుక్కునేవాళ్లు. నేను మాత్రం హాయిగా మంచానికి అడ్డంగా పడుకునేదాన్ని.

ఎందుకో సిగ్గు విడిచి చెబుతాను. మా ఆయనతో కలవడం నాకు నరకంగా ఉండేది. ఆయనేమీ మొరటువాడు కాదు. దగ్గరికి రాగానే నాకు లోపలంతా బిగుసుకుపోయేది, కోసినట్టు మంట. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. భీమవరం దగ్గర పల్లె నుంచి వచ్చినదాన్ని, ఇక్కడ చెప్పుకోవడానికి నా అన్నవాళ్లు లేరు. ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళితే పరీక్ష చేసి, లోపమేమీ లేదంది. "ఒక బిడ్డ పుడితే అదే సర్దుకుంటుంది" అని పంపేసింది. ఆ బిడ్డ ఎలా పుడుతుందో కూడా ఆవిడే చెప్పాల్సింది.

ఏడాది దాటాక, పక్క క్వార్టరులో ఉండే గాజువాక వదిన బట్టలారేస్తూ అంది: "మీ ఆయనకి సి షిఫ్టంటే అంత పిచ్చేటమ్మా? మా ఆయన షిఫ్టులు కూడా మీ ఆయనే సేసేత్తన్నాడు!"

నాకు ఒళ్లు మండిపోయింది. అన్నన్ని సి షిఫ్టులు ఎందుకు పడుతున్నాయా అని అంతవరకూ ఆలోచించనే లేదు, నా సుఖం నేను చూసుకున్నాను. ఇప్పుడు మాత్రం, నా మొహం చూడబుద్ధి కాకే పోతున్నాడని తేల్చేసుకున్నాను. మధ్యాహ్నం ఆయన నిద్ర లేచి భోజనానికి కూర్చోగానే నిలదీశాను.

ఆయన తలెత్తకుండా పప్పు కలుపుకుంటూ, "నానింట్లో ఉంటే నీకు బయం గదా," అన్నాడు. "పొద్దు గూకితే సాలు, నీ మొకం మారిపోతాది. అందుకే ఎల్లిపోతన్నాను."

ఆయన కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేశాను, అంతే.

మర్నాడే వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ మద్దిలపాలెంలో ఒక ఫిజియోథెరపిస్టు అడ్రసు రాసిచ్చింది. మోకాళ్లూ మెడలూ చూసే మనిషి నన్నేం బాగుచేస్తుందని సణుక్కుంటూనే బస్సెక్కాను. నా కన్నా పదేళ్లు పెద్దదేమో ఆవిడ. తలుపు గడియ పెట్టి, మొదటే అడిగింది: "కాలేజీలో బాత్రూముకి వెళ్లేదానివా?"

లేదన్నాను. మా కాలేజీ బాత్రూముకి సరైన తలుపు ఉండేది కాదు. పొద్దున బస్సెక్కితే సాయంత్రం ఇల్లు చేరేదాకా ఆపుకోవడమే. అందుకని నీళ్లు కూడా తాగేదాన్ని కాదు.

"అచ్చంగా దాని వల్లేనని చెప్పలేను గానీ, అప్పుడు బిగబట్టిన కండరాలే ఇవీను. భయపడితే ఇంకా బిగుస్తాయి. నీకు బిగించడం బాగా వచ్చు. వదలడం నేర్చుకోవాలి," అంది.

అది నేర్చుకోవడానికి ఐదు నెలలు పట్టింది. మోకాళ్లు మడిచి పడుకుని, పొట్ట నిండా గాలి పీలుస్తూ కింది కండరాలను వదులు చేయాలి. తర్వాత నా వేలితో, ఆ తర్వాత సన్నవాటి నుంచి లావువాటి దాకా ఆవిడ ఇచ్చిన నున్నటి గొట్టాలతో ఇంట్లోనే సాధన. ఆవిడ అడగకుండా ఒక్కసారి కూడా చెయ్యి వెయ్యలేదు. ఆపమంటే ఆపేది. ఆపమని చెప్పవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

నాకు నయమైంది. ఆయనకి కాలేదు. నేను దగ్గరికి జరిగితే ఆయన పక్కకి జరిగేవాడు. అదేమిటంటే డ్యూటీ అనీ అలసటనీ కాకమ్మ కబుర్లు. నాకు భయం పట్టుకుంది, ఈ కాపురం ఇక ఇంతేనా అని. ఆ మాట చెబితే ఆవిడ, "ఈసారి ఆయన్ని కూడా తీసుకురా" అంది.

ఆయన మధ్యాహ్నం ఎ షిఫ్టు దిగి, డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆవిడ బొమ్మ చూపించి కండరాల సంగతంతా చెప్పి, ఏమైనా అడగాలా అంది.

"అయితే నానేటీ పాడు సెయ్యలేదా, మేడమ్?" అన్నాడు.

రెండేళ్లుగా ఈ మనిషి ఆ మాట గొంతులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లొస్తున్నాడు. నా నొప్పి ముగ్గురికి చెప్పుకున్నాను. తప్పు మీది కాదని ఆయనకొక్కడికీ చెప్పలేదు.

ఆవిడ నోరు తెరిచేలోపే నేనే అన్నాను: "లేదండీ. మీరేం చెయ్యలేదు."

ఆయన హెల్మెట్టులో మొహం పెట్టుకుని ఏడ్చేశాడు.