పైకప్పుకు పూచీ

మా పిన్ని ఆసుపత్రిలో నర్సు. ఏళ్ల తరబడి అద్దె ఇళ్లలో ఉన్నాక, కొత్తగా బాగుచేసిన పాత ఇల్లొకటి ఆమెకు నచ్చింది. దాన్ని బాగుచేసి అమ్ముతున్న మేస్త్రీ గుండె మీద చెయ్యేసుకుని, "నా మాటే గ్యారంటీ అమ్మా," అన్నాడు.

"మీ మాట నేను వింటాను బాబూ, వాన వినదు కదా. పైకప్పుకి ఏడాది పూచీ అని రాసివ్వండి," అంది పిన్ని.

అతను నవ్వుతూ రాసిచ్చి సంతకం పెట్టాడు.

మొదటి వానకే వంటగది కారింది. పిన్ని ఫోన్ చేస్తే మర్నాడే మేస్త్రీ వచ్చి, మారుమాట లేకుండా పైకెక్కి పగులు పూడ్చాడు. దిగొచ్చాక పిన్ని వేడివేడి టీ ఇచ్చింది.

"మా అమ్మాయికి ఇల్లు చూస్తున్నామమ్మా," అన్నాడతను టీ ఊదుకుంటూ. "బేరానికి మీరూ రావాలి."