వాగు దగ్గర నేను వేసిన కేక

మా అమ్మాయి గుట్టల మీద సైకిల్ పందేలకు పోతోందని తెలిసినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు పొద్దున్నే ఎక్కడికో వెళ్లి మోకాళ్ల దాకా బురదతో వచ్చేది. నేను నకిరేకల్‌లో హైస్కూలు టీచరుని. నాకు ఆటల సంగతి తెలియదు. ఆ వానాకాలం చౌటుప్పల్‌కి లోపలివైపు గుట్టల్లో పందెం పెట్టారు. "ఒక్కసారి వచ్చి చూడమ్మా, నేను ఊకనే తిరుగుతలేనని నీకే తెలుస్తది" అని తనే పిలిచింది.

వెళ్లేసరికే ముసురు పట్టి ఉంది. వాగు దగ్గర నిలబడితే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండుసార్లు చూడొచ్చని పందెం పెట్టినవాళ్లు చెప్పారు. తంగేడు చెట్లకు కట్టిన ఎర్ర రిబ్బన్ల గుర్తులు చూసుకుంటూ అక్కడికి నడిచాను. వాగులో పాదం మునిగేంత నీళ్లున్నాయి. గట్టున పెద్ద బండ కింద ఒకామె గొర్రెలను నిలిపి, గొంగడి కప్పుకుని కూర్చుంది. నన్ను చూసి పక్కకు జరిగింది.

"ఎవలి కోసమొచ్చినవ్ చెల్లె?"

"మా బిడ్డ తొక్కుతాంది అక్కా."

"ఆడిపిల్లనా, గీ వానల?"

అప్పుడే సైకిళ్లు వచ్చాయి. ఒకరి వెనక ఒకరు నీళ్లు చిమ్ముకుంటూ వాగు దాటి గుట్టెక్కారు. మా అమ్మాయి నాలుగోదో అయిదోదో. మొహమంతా బురద, నన్ను చూసి నవ్వింది. నాకు గర్వంగానే అనిపించింది.

వాన పెరిగింది. గొర్రెల ఆమె గుట్టవైపు చూసి, "పైన బాగ కొడ్తాంది. వాగొస్తది. పందెమోల్లకు జర చెప్పు" అంది. ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. పరిగెత్తి చెబుదామని లేచేలోపే నీళ్లు ఎర్రబడ్డాయి. చూస్తుండగానే మోకాళ్ల లోతయింది.

తిరిగి వస్తున్నవాళ్లలో మొదటి అతను అవతలి గట్టు నుంచి నీళ్లలోకి దిగాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. వాగు మధ్య దాకా వచ్చి ముందు చక్రం రాళ్లలో ఇరుక్కుని పడిపోయాడు. సైకిల్ అతని మీద పడింది. నీళ్లు అతన్నీ సైకిల్‌నీ కలిపి ఈడ్చుకుపోయి, మా వైపు నీళ్లలో ఉన్న ఒక బండకు కొట్టాయి. తల ఒకసారి పైకి తేలింది, మళ్లీ మునిగింది.

వెనకాలే మా అమ్మాయి వచ్చింది. సైకిల్ విసిరేసి నీళ్లలోకి దిగింది.

అప్పుడు నేను అరిచాను. "ఆయన్ని ఇడిసిపెట్టు బిడ్డా. నువ్వు దిగకు. ఇడిసిపెట్టు." గొంతు పగిలేలా, ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. అది నా గొంతేనని నాకు నమ్మకం కలగలేదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు మంచీ చెడ్డా చెబుతున్న గొంతు అది.

అమ్మాయి ఆగలేదు. అతని బనీను మెడ దగ్గర పట్టుకుంది. కానీ ఇద్దరూ కదలలేకపోతున్నారు.

"ఒర్లుడు బంద్ చెయ్. గిది పట్టు" అంటూ ఆమె తన గొంగడి మెలితిప్పి ఒక కొస నా చేతిలో పెట్టింది. రెండో కొస పట్టుకుని నడుము లోతు నీళ్లలోకి దిగింది. నేను నేల మీద కూలబడి, కాళ్లు రాయికి తన్నిపెట్టి లాగాను. తడిసిన గొంగడి బరువుకు వేళ్లు మొద్దుబారాయి. అమ్మాయి చేతికి ఆమె చేయి అందింది. ముగ్గురూ గట్టుకు చేరారు.

అతను నీళ్లు కక్కుకున్నాడు. ఒక భుజం వేలాడిపోయింది. కళ్లు తెరిచి, "నా సైకిల్?" అని అడిగాడు. కాసేపటికి మిగతావాళ్లు వచ్చారు, పందెం ఆపేశారు, అతన్ని జీపులో దవాఖానకు తీసుకుపోయారు. గొర్రెల ఆమె గొంగడి పిండుకుని, మందను తోలుకుని వెళ్లిపోయింది. ఆమెకు దండం పెట్టాలన్న సంగతి నాకు ఆ తర్వాత గుర్తొచ్చింది.

బస్సులో అమ్మాయిని అడిగాను. "నేనేమన్ననో విన్నవా?"

"విన్న."

"ఆయన గూడ విన్నడా?"

"నీళ్లల్ల మునిగిండు గదనే, ఏం వింటడు." బురదైన చేతులు తుడుచుకుంటూ, "అయిపోయింది గద అమ్మా, ఇగ ఊకో" అంది. ఆ మాట కోపంతో అందో జాలితో అందో ఇప్పటికీ తెలియదు.

నాలుగు రోజులకు అతన్ని చూడ్డానికి దవాఖానకు వెళ్లాను. భుజం ఎముక విరిగిందట, ప్రాణానికి ఫికర్ లేదన్నారు. ఉన్న మాట చెప్పేద్దామనే వెళ్లాను. మంచం పక్కన వాళ్లమ్మ ఉంది. నేనెవరో తెలియగానే లేచి వచ్చి, గొంగడి లాగి తోలూడిన నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నువ్వు పట్టి గుంజకపోతే నా కొడుకు నాకు దక్కకపోయెటోడు తల్లీ" అంది.

చెప్పలేకపోయాను. ఆమె పోసిచ్చిన చాయ్ తాగి, బస్టాండుకు నడిచాను.