కెప్టెన్ చేతిలో గ్లాసు

రిమోట్ బాబాయిలో లోపం ఒక్కటే. ఏ కథా చివరిదాకా చెప్పడు.

బజారులోకి కొత్త వస్తువు వచ్చిందంటే ముందు ఆయన చేతికి రావాలి. కొత్త సీరియల్ వచ్చిందంటే ఆదివారంలోగా చూసెయ్యాలి. కొత్త వీడియోగేమ్ వచ్చిందంటే అందులో రాక్షసుడు ముందుగా ఆయన చేతిలోనే చావాలి. అంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. అయితే ఆయన పనిచేసేది ఫిజియోథెరపీ క్లినిక్‌లో. హాట్ ప్యాక్‌లు వేయడం, నొప్పి ఉన్న చోట కరెంటు పెట్టడం, పిక్కలు పిసకడం, దుప్పట్లు మడవడం ఆయన పని. మంచం మీద కదల్లేకుండా పడుకున్న రోగికి చూసిందీ ఆడిందీ అంతా చెప్పుకొస్తాడు. సరిగ్గా ప్రాణం పీకే చోట ఆపి, "మిగతాది రేపు" అంటూ ప్యాక్ తీసేస్తాడు. ఎక్కడ ఆపాలన్నా మీట ఆయన చేతిలోనే ఉంటుందని రోగులే ఆ పేరు పెట్టారు.

తక్కిన పనంతా డాక్టరమ్మది. రోజుకు ఇరవై మోకాళ్లు, పది భుజాలు, లెక్కకు అందనన్ని నడుములు. అందరి నొప్పులూ తగ్గించి ఇంటికి చేరేసరికి ఆమె నడుము ఆమె మాటే వినేది కాదు. ఆమెకు కావలసిందల్లా కాస్త నిశ్శబ్దం. బాబాయి ఉన్న చోట దొరకనిదల్లా అదే.

అడుగులు లెక్కపెట్టే వాచీ కొన్న వారం ఆయన పొద్దుటి నుంచీ రోగుల పిక్కలు పిసుకుతూ కూర్చున్నాడు. ఆ చేతి ఊపును వాచీ నడక అనుకుంది. మధ్యాహ్నానికి కుయ్‌మంది.

"పన్నెండు వేల అడుగులమ్మా," అన్నాడు.

"స్టూలు మీంచి లేవకుండానే?"

"అదే కదా సైన్సు."

ఇంకోసారి, భుజం పట్టేసిన లెక్కల మాస్టారిని ఏదో గేమ్‌లోని కోట తలుపు ముందు నిలబెట్టి వదిలేశాడు. మూడు తాళంచెవులు, ఒక్కటే అసలుది. మర్నాడు క్లినిక్ తెరవకముందే ఫోను.

"డాక్టరమ్మా, నా భుజం సంగతి తర్వాత. ఏ తాళంచెవి?"

"నాకెలా తెలుస్తుంది మాస్టారూ?"

"అంత చదువు చదివారు కదమ్మా," అన్నాడాయన నిరాశగా.

ఇలా ఉండగా బస్సు డ్రైవరు వచ్చాడు. మోకాలిచిప్ప విరిగి, ఆపరేషనై, కాలు కర్రలా బిగుసుకుపోయింది. డెబ్బై డిగ్రీలు దాటి వంగదు. నెలాఖరుకి నూట పది వంగితేనే మళ్లీ స్టీరింగు. లేకపోతే డిపో గేటు దగ్గర కుర్చీ. ఇరవై రెండేళ్లు బస్సు నడిపిన మనిషి నొప్పికి జడిసి, రెండు రోజులు వచ్చి మూడు రోజులు ఎగ్గొట్టేవాడు.

"గేటు దగ్గర నీడగా ఉంటుంది లెండి మేడమ్," అన్నాడు గోడకేసి చూస్తూ.

బాబాయి ఆ రోజే ఓడ సీరియల్ మొదలుపెట్టాడు. వంటవాడు రమ్ము గ్లాసులో విషం కలిపాడు. కెప్టెన్ గ్లాసు అందుకున్నాడు, పెదవుల దాకా తెచ్చాడు... మిగతాది రేపు. మర్నాడు డ్రైవరు పది నిమిషాలు ముందే వచ్చి కూర్చున్నాడు.

రెండు వారాలు గడిచాయి. కెప్టెన్ ఇంకా తాగలేదు. ఒకరోజు తుమ్మొచ్చింది. ఒకరోజు గ్లాసులో ఈగ పడింది. ఈగను తీయడానికి చెంచా తెమ్మంటే రెండు రోజులైనా ఆ చెంచా రాలేదు.

ఒక ఉదయం డాక్టరమ్మకు తల బద్దలవుతోంది. "బాబాయ్, ఇవాళ ఒక్కరోజు నోరు మూసుకోండి. మీకు దణ్ణం పెడతాను," అంది. బాబాయి నోరు మూసుకున్నాడు. ఆమె చెయ్యి పడకముందే డ్రైవరు తొడ రాయిలా బిగిసింది. మోకాలు ఎనభై ఎనిమిది దగ్గర మొండికేసింది. మర్నాడు అతను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

కథ చివరేమిటో తనే చెబుతానని ఫోన్ చేసి, మనిషిని రప్పించి ఈ గోల వదిలించుకుందామని, మధ్యాహ్నం తీరికలో డాక్టరమ్మ ఆ సీరియల్ పెట్టుకుంది. మొదటి ఎపిసోడ్ పన్నెండో నిమిషంలో కెప్టెన్ గటగటా తాగి, డెక్కు మీద పడి చచ్చిపోయాడు. మిగతా ఏడు ఎపిసోడ్లూ చంపిందెవరన్న విచారణే.

దుప్పట్లు మడుస్తున్న బాబాయి దగ్గరికి వెళ్లింది. "బాబాయ్, కెప్టెన్ ఎప్పుడో పోయాడు."

ఆయన అటూ ఇటూ చూశాడు. "మెల్లగా అమ్మా. డ్రైవరుకి ఇంకా ఎనభై ఎనిమిదే. నూట పది దాకా ఆయన్ని ఎలాగోలా బతికించాలి."

"మరి మాస్టారి తాళంచెవి?"

"చెయ్యి తలపైకి లేచిన రోజు తలుపు తెరుస్తా." దుప్పటి అంచులు కలిపాడు. "మీరు వంచేటప్పుడు వాళ్లు మీ చేతుల వంకే చూస్తారమ్మా. చూశారో, బిగుసుకుపోతారు. చూడ్డానికి ఇంకోటేదో ఉండాలి కదా."

డాక్టరమ్మ స్టూలు మీద కూలబడింది. ఇన్నాళ్లూ కీళ్లు వంగడమంతా తన చేతి మహిమ అనుకుంది. అక్కడి నుంచే ఫోను తీసింది.

"రేపు రండి," అంది డ్రైవరుతో, నీరసంగా. "చెంచా వచ్చిందట."

"ఈగను తీశాడా?"

"వస్తే తెలుస్తుంది."

నెలాఖరు రోజు మోకాలి వంపు కొలిచే స్కేలు నూట ఎనిమిది చూపించింది. డ్రైవరు మొహం నిండా చెమట. "మేడమ్, మీరైనా చెప్పండి. తాగాడా?"

"నేను చూడలేదు," అంది డాక్టరమ్మ, స్కేలు మీంచి కళ్లు తీయకుండా. "కానివ్వండి బాబాయ్."

"గ్లాసు పెదవికి తగిలింది. అవతల వంటవాడు ఊపిరి బిగబట్టాడు..."

నూట తొమ్మిది. నూట పది. నూట పన్నెండు.

ఆమె డిపోకి ఇవ్వాల్సిన కాగితం మీద అంకె వేసి, సంతకం పెట్టి ఇచ్చింది. డ్రైవరు దాన్ని చూడనైనా చూడలేదు. "ఆ తర్వాత?"

కెప్టెన్ చావు బాబాయి నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్ని రోజులు కంటికి రెప్పలా కాచుకున్న ప్రాణం. బాబాయి డ్రైవరు చేతిలోని కాగితం వంక చూశాడు.

"గ్లాసు కింద పెట్టేశాడు," అన్నాడు చివరికి. "పొద్దున్నే ఓడ తీయాలి, ఇవాళ వద్దన్నాడు."

డ్రైవరు తృప్తిగా తలూపాడు. "డ్యూటీ తెలిసినవాడు," అంటూ, మోకాలు మడిచి, తన చెప్పులు తనే తొడుక్కున్నాడు.