కొసరుకు ముందే ఆగిన కాంటా

2023లో, రంజాన్‌కు కొంచెం ముందు, బేగంబజార్‌లో బాదం, జీడిపప్పు అమ్మే ఒక మేవా దుకాణంలో, బిల్లు తనే కొట్టే మా కొత్త కాంటా పెట్టాం. మేమంటే నేనూ, స్వప్నా. నేను తొమ్మిదో తరగతిలో బడి వదిలేశాను. బడి కూడా నన్ను వెతుక్కుంటూ రాలేదు. సెల్‌ఫోన్ రిపేరు చేస్తూ చేస్తూ ప్రోగ్రామింగ్‌లోకి జారిపడ్డాను. స్వప్న కంచన్‌బాగ్ అమ్మాయి, ఇంజనీరింగ్ చదివింది. మా చిన్న కంపెనీలో తప్పులు రాసే పని నాది, దిద్దే పని ఆమెది.

కాంటా తన మీదున్న బరువును ఎడతెరిపి లేకుండా ప్రోగ్రాముకు పంపుతూనే ఉంటుంది. ఇలా ఆగకుండా వచ్చేదాన్ని మేం స్ట్రీమ్ అంటాం. బాదం పోస్తుంటే అంకెలు ఎగురుతాయి. ప్రతి అంకెకూ బిల్లు కొడితే ఆ కాగితం చార్మినార్ దాకా పరుచుకుంటుంది. అందుకే డిబౌన్స్ వాడాం. అంటే, అంకె కాసేపు కదలకుండా ఉంటేనే దానికి బిల్లు కొట్టమని చెప్పడం. ఆఫీసులో నీళ్ల సీసాలు పెట్టి చూస్తే బ్రహ్మాండంగా పనిచేసింది. నీళ్ల సీసాలు బేరమాడవు కదా.

దుకాణం గోవర్ధన్ సేట్‌ది, తాతల నాటిది. తూకం గిరాకీకి చూపించాక ఆయన పైన ఒక పిడికెడు వేస్తాడు. అది కొసరు, దానికి డబ్బు తీసుకోరు. ఆయన చెయ్యి మా డిబౌన్స్ కంటే చురుకు. అంకె నిలిచీ నిలవకముందే కొసరు పడేది, బిల్లు దాంతో కలిపి వచ్చేది.

మొదట పట్టుకున్నది బాలమణి, వంట కాంట్రాక్టులు చేసే పాత గిరాకీ.

"ఏంది సేటూ, కొసరుకు గూడ పైసలా? మీ బాపు ఉన్నప్పుడు గిట్ల లేకుండె," అని సంచి అక్కడే పెట్టేసి ఎదురు దుకాణానికి నడిచింది.

సేట్ మమ్మల్ని తిట్టలేదు. నాకు భయం వేసింది అందుకే.

"భాయ్, మా బాపు పేరు పోతున్నది. పొద్దుగూకే దాంక చూస్త. కాకుంటే మీ డబ్బా మీరు తీస్కపోండి."

"ఫికర్ చెయ్యకు సేట్‌జీ, అంకె ఆగాల్సిన టైము జర తగ్గిస్త, ఐపోతది," అన్నాను.

తగ్గించాను. ఆయన ఒక చిప్పెడు పోసి, రెండోదానికి బస్తాలోకి వంగేలోపే బిల్లు బయటికొచ్చింది. పెంచితే కొసరు కలుస్తోంది, తగ్గిస్తే సగం తూకానికే బిల్లు వస్తోంది.

స్వప్న లాప్‌టాప్ మూసేసి, స్టూలు మీద కూర్చుని సేట్ చేతుల్నే చూడసాగింది.

"ఏం మేడమ్, జాతకం చూస్తున్నవా?" అన్నాను.

"అన్నా, నీ నోటికి జర రెస్ట్ ఇయ్యి. పోసుకుంట నడుమల ఆగుతడు, కొసరుకు ముందుగాల ఆగుతడు. రెండు ఒక్క తీర్గనే ఉన్నయి. గడియారానికి ఎట్ల తెలుస్తది? సేట్‌జీనే చెప్పాలె."

"గట్లయితే బటన్ పెడదాం," అన్నాను.

"నా రెండు చేతులు మేవాలనే ఉంటయి. నీ ముక్కుతోని నొక్కుతవా?" అన్నాడు సేట్.

"కాళ్లు ఖాళీనే కదా సేట్‌జీ?" అంది స్వప్న.

కరెంటు కుట్టుమిషన్‌కు ఉండేలాంటి కాలి స్విచ్ ఒకటి కొనుక్కొచ్చింది. బరువు ఒక స్ట్రీమ్, కాలి నొక్కు ఇంకో స్ట్రీమ్. నొక్కిన క్షణాన బరువెంతుందో అదే తీసుకోవాలి. మా భాషలో దీని పేరు శాంపిల్. ఆ తర్వాత పళ్లెం ఖాళీ అయ్యేదాకా ఏ నొక్కునూ పట్టించుకోకూడదు. ఆమె రాసిన ప్రోగ్రాము నా దానికంటే పొట్టిది. చూసి కుళ్లుకుందామనుకున్నాను, కానీ ముచ్చటే వేసింది.

పొద్దుగూకకముందే సేట్ గడపలో నిలబడి, ఎదురు దుకాణంలో ఇంకా బేరాలాడుతున్న ఆమెను "బాలమణక్కా, ఒక్కసారి ఇటు రా," అని కేకేశాడు. ఆమె వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన జీడిపప్పు తూచి, అంకె చూపించి, కాలితో స్విచ్ నొక్కాడు. బిల్లు వచ్చింది. అప్పుడు కొసరు వేశాడు. కాంటా మీద అంకె పెరిగింది, ఆమె చేతిలో బిల్లు మారలేదు.

బాలమణి బిల్లునూ కాంటానూ మార్చి మార్చి చూసింది.

"అంటే ఇప్పుడు మిషన్ చూస్తలేదన్నట్టు?"

"చూస్తలేదక్కా."

"అయితే ఇంకో పిడికెడు వెయ్యి."

సేట్ నవ్వుతూ వేశాడు. డబ్బా అక్కడే ఉండిపోయింది.

అప్పటిదాకా సమయం అంటే ఎన్ని సెకన్లని మాత్రమే ఆలోచించేవాణ్ణి. ఇప్పుడు ఏ పనికి వెళ్లినా, ఇక్కడ "అయింది" అనాల్సిన మనిషి ఎవరని ముందు అడుగుతాను. అది స్వప్న దగ్గర కొట్టేసిన ప్రశ్న. గిరాకీలు దాన్ని విని నన్ను తెలివైనవాడనుకుంటారు, నేనూ కాదనను.