వెనక గది పనివాడు ఇస్రాయేలు

వనపర్తిలో వడ్ల జోగయ్య దుకాణానికి రెండు గదులుండేవి. ముందు గదిలో జోగయ్య నుదుట విభూతి దిద్దుకుని, వచ్చినవాళ్లతో మాట్లాడుతూ దర్వాజలు బిగించేవాడు. వెనక గదిలో, రేకుల కింద, ఇస్రాయేలు ఆ దర్వాజల మీద పువ్వులూ హంసలూ గజలక్ష్ములూ చెక్కేవాడు. రెండు గదుల మధ్య ఒక గోనెపట్టా వేలాడేది. లోపలి మోత విని ఎవరైనా అడిగితే, "పాలిష్ పిల్లగాడు" అనేవాడు జోగయ్య. అప్పటికి ఇస్రాయేలుకు ముప్పై దాటాయి. ఇద్దరు ఆడపిల్లల తండ్రి.

అతనిది పాన్‌గల్ దిక్కు ఒక చిన్న పల్లె. తండ్రి పటేలు దగ్గర జీతం ఉండి బతికినవాడు. వానలు మొహం చాటేసిన ఏడు, ఊళ్లో సగంమంది మేస్త్రి వెంట పుణె పోతుంటే ఇస్రాయేలూ లారీ ఎక్కాడు. అక్కడ ఒక బంగళా కడుతుంటే మోసింది ఇటుకలే. కానీ ఆ బంగళాకు తలుపులు చెక్కడానికి సహరాన్‌పూర్ నుంచి రఫీఖ్ భాయ్ అనే ముసలాయన వచ్చి ఉన్నాడు. తిండి వేళ అందరూ నడుం వాలిస్తే ఇస్రాయేలు మాత్రం పోయి ఆయన ముందు గొంతుకూర్చునేవాడు. చూసి చూసి ముసలాయన ఒకరోజు ఉలీ సానరాయీ చేతికిచ్చాడు. చెక్కనిస్తాడేమోనని ఆశపడితే, ఆ ఎండాకాలమంతా నూరించాడు. రాతి మీద ఉలి చప్పుడు సన్నబడిందంటే పదును పడినట్టని, అప్పుడు కళ్లు మూసుకున్నా తెలుస్తుందని చెప్పాడు. వంకీ ఉలితో ఆకు ఈనె ఎట్లా తీయాలో, నార పోగుకు ఎదురు పోతే చెక్క ఎట్లా పెళ్లలుగా లేస్తుందో చూపించాడు. నీ కులమేందని మాత్రం ఎన్నడూ అడగలేదు.

కరెంటు మిషన్ కూడా ఇస్రాయేలు మొదట అక్కడే పట్టాడు. రౌటర్ అనేవాళ్లు దాన్ని. పువ్వు చుట్టూ ఉన్న చెక్కను ఉలితో ఒక పూట తవ్వితే, అది చాయ తాగేలోపు తవ్విపెట్టేది. గట్టిగా అదిమి పట్టకపోతే పక్కకు ఎగిరి పువ్వునే కోసేది. రఫీఖ్ భాయ్ దాన్ని గాడిద అని పిలిచేవాడు. బరువు మోయించుకో, ముచ్చట పెట్టకు అనేవాడు. చూపు మందగించి ఊరికి పోయేనాడు ఆయన తన ఉలుల మూట ఇస్రాయేలు ఒళ్లో పెట్టి, వెనక్కి చూడకుండా పోయాడు.

ఆ మూటతో ఇస్రాయేలు ఊరికి తిరిగొచ్చాడు. మేనమామ బుచ్చన్న కూతురు సాయమ్మను చేసుకున్నాడు. ఇక మోత పని మానేసి చెక్కుకుని బతుకుతానన్నాడు. పక్కూళ్లో ఒకాయన కొత్త ఇల్లు కడుతుంటే టేకు ముక్క మీద నెమలిని చెక్కి పట్టుకుపోయాడు. ఆయన ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి మెచ్చుకున్నాడు. ఎవరి పిల్లగానివని అడిగాడు. చెప్పగానే ముక్కను అరుగు మీద పెట్టేశాడు, చేతికివ్వలేదు.

"గడపకు పసుపు పెట్టి మొక్కుతం గదరా. నీ చేత ఎట్ల చేపిస్తం?" అన్నాడు. తిట్టినట్టు కూడా లేదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు.

చివరికి అదే నెమలిని జోగయ్య ముందు పెట్టాడు ఇస్రాయేలు. జోగయ్య దర్వాజ బిగిస్తే సందులో వెంట్రుక దూరేది కాదు. నగిషీ పనే ఆయనకు రాలేదు. ఆయన పువ్వులన్నీ బొడిపెల మాదిరిగా ఉండేవి, అది ఆయనకూ తెలుసు. నెమలి మెడను వేలితో చాలాసేపు నిమిరాడు.

"నా దగ్గర చెక్కు. నీ పిల్లల్ని నేను ఉపాసం ఉంచ. చెక్కేది నువ్వని మాత్రం నీ నోట్లకెళ్లి రావద్దు," అన్నాడు.

"రాదయ్యా," అన్నాడు ఇస్రాయేలు. పని దొరికిన సంతోషంలో ఆ మాట ఎంత పెద్దదో తోచలేదు.

జోగయ్య చెడ్డవాడేం కాదు. హైదరాబాదు పోయి రౌటర్ కొనుక్కొచ్చింది ఇస్రాయేలు కోసమే. తాను దాన్ని ముట్టుకోవడానికి కూడా జంకేవాడు. ఇస్రాయేలు చిన్నబిడ్డకు జ్వరం ముదిరితే తన సైకిల్ మీద దవాఖానకు తీసుకుపోయి, పొద్దంతా అక్కడే కూర్చున్నాడు. నీళ్లు మాత్రం చెంబు ఎత్తి దోసిట్లో పోసేవాడు. గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి మనుషులు దర్వాజల కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. జోగయ్య చేతిలో సరస్వతి ఉందనేవాళ్లు. గోనెపట్టా ఇవతల ఇస్రాయేలు అన్నీ వినేవాడు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత మిషన్ ఆపకుండా ఉండడం నేర్చుకున్నాడు, మోతలో మాటలు వినబడవని. చెక్కేది తానేనని ఇంట్లో సాయమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఒకనాడు కరెంటు పోయి మిషన్ ఆగింది. ముందు గదిలో తెలిసిన గొంతు వినబడింది. మామ బుచ్చన్న. ఆయన ఊళ్లో చర్చి సంఘానికి పెద్ద. ఇంకో ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చి, బల్ల మీద కూర్చున్నాడు. కొత్త చర్చికి పుల్‌పిట్ కావాలట. పాస్టరయ్య నిలబడి వాక్యం చెప్పే బల్ల.

"ద్రాక్షతీగ, గొర్రెపిల్ల, అన్నీ ఉండాలె. నీ చేతి పనే గావాలయ్యా. తీరుగా ఉండాలె," అన్నాడు బుచ్చన్న.

జోగయ్య "మీ అల్లుడు ఇస్రాయేలు ఉన్నడు గద. ఆయనకు చెప్పరాదు?" అన్నాడు.

గోనెపట్టా వెనక ఇస్రాయేలు చేతిలో ఉలి అట్లాగే నిలిచిపోయింది.

బుచ్చన్న నవ్వాడు. "ఆడు గరుకు కాయితం రుద్దెటోడు. గిది దేవుని పని. మా అసుంటోళ్ల చేత అయితదా?"

తక్కిన ఇద్దరూ నవ్వారు. జోగయ్య నవ్వలేదు, కానీ సరేనన్నాడు.

ఆ పుల్‌పిట్ కోసం ఇస్రాయేలు పడ్డ కష్టం ఏ గజలక్ష్మికీ పడలేదు. అంత అవమానం విన్నాక చేయి మొరాయించాలి. అతని చేయి ఇంకా ముందుకు ఉరికింది. బొమ్మల చుట్టూ ఉన్న చెక్కనంతా మిషన్‌తో తీశాడు, తీగా గొర్రెపిల్లా ఉలితోనే చెక్కాడు. ద్రాక్షతోట అతను ఎన్నడూ చూడలేదు. అందుకని తీగ పక్కన తాను చిన్నప్పటి నుంచీ చూసిన జొన్న కంకులు పెట్టాడు, గింజ గింజా విడిగా లేచేటట్టు. గొర్రెపిల్ల చెవుల దగ్గర బొచ్చు తీయడానికి రఫీఖ్ భాయ్ ఉలుల్లో అన్నిటికన్నా సన్నదాన్ని తీశాడు. జోగయ్య వచ్చి చూసి, ముందు గదికి పోయాడు.

ప్రతిష్ఠ ఆదివారం పొద్దున ట్రాక్టర్ మీద పుల్‌పిట్ ఊరికి వచ్చింది. జోగయ్య తెల్లపంచె కట్టుకుని డ్రైవర్ పక్కన కూర్చుని వచ్చాడు, వెనక తొట్టిలో వనపర్తి మనుషులు కొందరు. "ఇస్రాయేలూ, జర ఆ కాడ పట్టు," అని బుచ్చన్న కేకేస్తే ఇస్రాయేలు ఒక మూల పట్టి లోపలికి మోశాడు. చూడడానికి జనం ఎగబడ్డారు. ముసలమ్మలు జొన్న కంకులను తడిమి చూసి, ఒలుచుకోవచ్చు గదా అనుకున్నారు. పాస్టరయ్య జోగయ్యకు శాలువా కప్పి, అంత నైపుణ్యాన్ని ఆ చేతులకిచ్చిన దేవునికి స్తోత్రం చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు.

ఆడవాళ్ల వైపు చాపల మీద నుంచి సాయమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, చెక్కింది జోగయ్య గాదు. మా ఆయన," అంది.

బుచ్చన్న మొహం నల్లబడింది. "కూసో బిడ్డా. ఏం మాట్లాడ్తున్నవ్?"

"ఉన్నదే చెప్తున్న నాయ్నా. ఆయన్నే అడుగు."

పాస్టరయ్య జోగయ్య వైపు చూశాడు. జోగయ్య శాలువా అంచు సర్దుకుంటూ, "సాయం పట్టిండమ్మా. రుద్దుడు, పాలిష్, అంతా ఆయనదే," అన్నాడు.

"ఇస్రాయేలూ, నువ్వు చెప్పు," అన్నాడు పాస్టరయ్య.

ఇస్రాయేలు జోగయ్యను చూశాడు. జోగయ్య నేల చూపులు చూస్తున్నాడు. ట్రాక్టర్ మీద వచ్చిన వనపర్తి మనుషులు గుమ్మం దగ్గరే ఉన్నారు, వింటున్నారు. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ మాట పొద్దుగూకేసరికి దర్వాజలు పెట్టిన ప్రతి ఇంటికీ పోతుంది. జోగయ్య దుకాణం మూతపడుతుంది. దాంతోపాటే వెనక గదీ, మిషనూ, పిల్లల తిండీ. ఇచ్చిన మాట ఒకటి ఉండనే ఉంది. ఇవన్నీ ఒక్కసారే మెదిలాయి.

"సాయం పట్టిన, అంతే," అన్నాడు.

సాయమ్మ అతని వైపు చూసింది. అందులో కోపమేమీ లేదు, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. పాస్టరయ్య ముందు అబద్ధమాడినందుకు తప్పు ఒప్పుకొమ్మని బుచ్చన్న కూతురిని గద్దించాడు. ఆమె ఒప్పుకోలేదు. చిన్నపిల్లను చంకనేసుకుని, పెద్దపిల్ల చెయ్యి పట్టుకుని, జనం మధ్య నుంచి బయటికి నడిచింది. ఆ తర్వాత ఊళ్లో ఆడవాళ్లు ఆమె కనబడితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు.

మర్నాడు ఇస్రాయేలు దుకాణానికి పోతే జోగయ్య ఎదురొచ్చాడు. "నిన్న నన్ను నిలబెట్టినవ్. నీ మేలు మర్వ," అన్నాడు.

"మా సంఘపోళ్లకన్నా చెప్పయ్యా. నా భార్యను అబద్ధాలదంటున్నరు. వాళ్లొక్కలకే చెప్పు."

"వాళ్లకు చెప్తే ఊరికి తెల్వదా? ఎన్ని ఇండ్లకు గడపలు పెట్టిన నేను? రేపు వాళ్లొచ్చి గల్ల పట్టుకుంటే నువ్వొస్తవా అడ్డం?" జోగయ్య గొంతులో నిజమైన భయం ఉంది. "గిట్లనే ఉండనీ ఇస్రాయేలూ. ఇద్దరం బతుకుతం."

ఇస్రాయేలు వెనక గదిలోకి పోయి ఉలులు ఒక్కొక్కటే తుడిచి మూట కట్టుకున్నాడు. మిషన్ జోగయ్యది, దాన్ని ముట్టుకోలేదు. జోగయ్య పిలిచాడు కానీ పట్టుకుని ఆపలేదు.

ఇంటి ముందు పందిరి వేసుకుని పనికి కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. భార్య నోటి దురుసు వల్ల జోగయ్య వెళ్లగొట్టాడని ఊళ్లో చెప్పుకున్నారు. సంఘంలో ఎవరైనా పోతే మాత్రం పెట్టె కోసం కబురొచ్చేది. మట్టిలోకి పోయే పెట్టెకు నగిషీ ఎవరడుగుతారు? వేప పలకలు కోసి మేకులు కొట్టి ఇచ్చేవాడు. జోగయ్యకు తను లేని లోటు తెలిసొస్తుందని లోలోపల ఒక ఆశ ఉండేది. జోగయ్య హైదరాబాదు నుంచి ఒక మిషన్ పనివాణ్ణి తెచ్చుకున్నాడు. అట్ట మీద కోసిన అచ్చు పెట్టి, ఆ అచ్చు వెంట రౌటర్ తిప్పి, వాడు ఇస్రాయేలు వారంలో చేసేది ఒక్క పూటలో దించేవాడు. అన్ని దర్వాజలకూ అదే పువ్వు, కొసలన్నీ మొద్దు. కొనేవాళ్లు ఎప్పటిలాగే వచ్చారు. జోగయ్య చేతిలో సరస్వతి ఉందని ఎప్పటిలాగే అన్నారు.

రెండేళ్లు చూసి, సాయమ్మతో కలిసి పుణె వస్తానని మేస్త్రికి సరేనన్నాడు ఇస్రాయేలు. పిల్లలను మామ ఇంట్లో వదిలిపెట్టిన రోజు ఇక ఆపుకోలేక, "మామా, ఆ పుల్‌పిట్ నేనే చెక్కిన," అన్నాడు.

బుచ్చన్న అతన్ని ఎగాదిగా చూశాడు. "అందరి ముందట నీ నోటితోనే గాదన్నవ్. ఇప్పుడెవ్వరికి చెప్పుకుంటవ్?" అన్నాడు. నమ్మాడో లేదో ఆయన మొహంలో తెలియలేదు.

పుణెలో ఈసారి బంగళాలు లేవు, పది అంతస్తుల మేడలు లేస్తున్నాయి. కొత్తవాళ్లను వరసలో నిలబెట్టి మేస్త్రి ఒక్కొక్కరికీ ఏ పని వచ్చో అడుగుతూ వచ్చాడు. చెక్కుతానని చెప్పడానికి ఇస్రాయేలు గొంతు సవరించుకునేలోపే సాయమ్మ అందుకుంది.

"సెంట్రింగ్ పలకలకు మేకులు కొడ్తడు," అంది.

మేస్త్రి చెయ్యి చూపిన దిక్కుకు ఇస్రాయేలు నడిచాడు.