కొసరు ముక్క

హయత్‌నగర్‌ల అల్యూమినియం షీటు కొని, పైన ఇంకో ముక్క కొసరు కొట్టుకొచ్చిన మొనగాణ్ని మా ఎం.టెక్ బ్యాచ్ మొత్తంల నేనొక్కణ్నే. కిరాణం కొట్టుల పెరిగినోణ్ని. కొసరు లేకుంట ఇంటికొస్తే బాపు మొఖం చూడడు. షాపాయన చిరాకుతోని పక్క ర్యాకుల నుంచి అంతే మందం ముక్క తీసి విసిరిండు.

"తీస్కపో తమ్మీ, మళ్ల రాకు."

ఇబ్రహీంపట్నంల మా ల్యాబు పని ఇది: గట్టి ఉక్కు పిన్నును గిర్రున తిప్పుకుంట షీటుల దింపి ముందుకు నడిపిస్తం. రాపిడి వేడికి లోహం కరగదు, మెత్తబడి కలియదిరుగుతది. లోహం లోపలి పలుకులు, మేం గింజలంటం, సన్నగైతయి, బలం పెరుగుతది. మీర్‌పేట్ నుంచి వచ్చే నా ప్రాజెక్టు జోడీ ఆ మాట రిపోర్టుల ముందే రాసిపెట్టింది. నేను కొన్న షీటుకు పిన్ను తగలని అంచు గట్టిదనం కొలిచి, అదే అంకెను కొసరుకు గూడ రాసేసిన. ఒక్క షాపు సరుకే గదా!

కొన్న షీటు మాట విన్నది. కొసరు తిరగబడ్డది. గింజలు సన్నగనే ఉన్నయి, బలం మాత్రం అంచు అంకె కన్న తగ్గింది.

గైడ్ సారు ఫైలు నూకిండు. "అంకెలు వండుకొచ్చిండ్రా? సంతకం పెట్ట."

రిపోర్టు మీద సంతకం లేకుంటే నా జోడీకి వచ్చిన కొలువు పోతది.

"ఆ రెండో ముక్క ఎక్కడిది?" మెట్ల మీదనే నన్ను నిలేసింది.

"కొసరు."

"ఇదేమన్నా కరివేపాకా? ఏ రకమో అడిగావా?"

"పుణ్యానికొచ్చినదాన్ని కులగోత్రాలు అడుగుతరా?"

"నవ్వావంటే చెంప పగులుద్ది."

కొసరు అంచు అప్పుడు కొలిచినం. మొదటి నుంచే మస్తు గట్టిది. వేడితోని గట్టిపరిచిన రకమది. బలమంతా లోపలి సన్నని రేణువులది. పిన్ను వేడికి అవి లోహంల కలిసిపోయినయి. గింజలు సన్నగైన లాభం ఆ నష్టాన్ని పూడ్చలే. కొన్న షీటు వేరే రకం, దాంట్ల ఆ రేణువులు లేవు, పోగొట్టుకునేది లేదు.

"రెండు వేర్వేరుగ మళ్ల మొత్తం చేయిండ్రి," అన్నడు సారు, ఎక్కిరింపుగ. చేసినం, పక్కపక్కనే. సంతకం వచ్చేసరికి ఆమె చేరాల్సిన తేదీ దాటింది.

కొసరుకు నేను పైస ఇయ్యలే. ఆమె ఇచ్చింది, ఒక కొలువు. నాకు మిగిలింది రిపోర్టుల మంచి అధ్యాయం. సారు మెచ్చుకున్నడు గూడ. ఆమె తన కాపీ తీస్కపోనీకి రాలే.