బల్ల కింద టామీ

నిన్న మదీనాగూడలో స్నేహితురాలి ఫ్లాట్‌కి వెళ్తే, ఇంటిల్లిపాదీ సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నారు. కింద వాళ్ల టెర్రియర్ కుక్క గుర్రుమంటోంది. ఎవరూ చెప్పకముందే నేనూ కాళ్లు పైకి లాక్కున్నాను.

"ఇగ నా వల్ల గాదే. దీన్ని ఎవరికన్నా ఇచ్చెయ్యాల్నా?" అని అడిగింది స్నేహితురాలు. ఏదో పనుందని చెప్పి వచ్చేశాను. అప్పట్నుంచి మనసు కుదురుగా లేదు.

ప్లాస్టిక్ వైర్లతో అల్లిన కుర్చీలు గుర్తున్నాయా మీకు? చిన్నప్పుడు లింగంపల్లిలోని మా ఇంట్లో మేం వాటి మీద మఠం వేసుకునే అన్నం తినేవాళ్లం. కాలు కిందికి జారిందా, బల్ల కిందున్న మా టెర్రియర్ టామీ పిక్క పట్టేసేది. ఇంటికొచ్చేవాళ్లు గేటు దగ్గరే ఆగి "కుక్కను కట్టేసిన్రా?" అని అరిచేవాళ్లు. చివరికి తమ్ముణ్ని కరిచాక, నాన్న దాన్ని ఎవరికో ఇచ్చేశాడు.

ఆ పూట అందరం కాళ్లు హాయిగా కింద పెట్టుకుని అన్నానికి కూర్చున్నాం. ఎవరికీ ముద్ద దిగలేదు.